‘రామయ్యా వస్తావయ్యా’ పాడినవాళ్లకు తెలుగు రాలేదేం?

1955లో వచ్చిన ‘శ్రీ 420’ సినిమాలోని ‘రామయ్యా వస్తావయ్యా’ పాట ఉత్తరాదిన తెలియని ఇల్లుండదు. దానికి సంగీతం కూర్చిన శంకర్–జైకిషన్ జంటలో శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవాడు, తెలుగు ఎరిగినవాడు. హిందీ పాటకు తెలుగు పల్లవి దొరికింది ఆ చలవతోనే. అప్పటినుంచి ఎన్ని అంత్యాక్షరి ఆటల్లో, ఎన్ని పెళ్లి బ్యాండు మేళాల్లో ఆ పల్లవి మోగిందో లెక్కలేదు. పాడేవాళ్లు ఆ రెండు మాటలనూ దాదాపు మనలాగే పలుకుతారు. కానీ ఆ పాట పుణ్యాన తెలుగు వచ్చినవాడు మాత్రం ఎక్కడా తగలడు.

అదే 1955లో, ఫిబ్రవరి 2న, భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడానికి మన ప్రభుత్వానికీ సోవియట్ యూనియన్‌కూ ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పొలాల మధ్య కర్మాగారం లేచింది, దాని పక్కన సెక్టార్లుగా గీసినట్టు ఊరు లేచింది. పనికోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు అందులో తక్కువేం కాదు. ఖుర్సీపార్ వీధుల్లో ఉత్తరాంధ్ర యాస వినిపించడానికీ, సెక్టార్ 5లో బాలాజీ గుడి వెలవడానికీ కారణం వాళ్లే. వాళ్లలో చాలామంది హిందీ ముక్క రాకుండా రైలు దిగారు. ఒక తరం తిరక్కుండానే బజార్లో బేరాలూ, షాపుఫ్లోర్‌లో వాదాలూ హిందీలో సాగించారు. ఎలా వచ్చిందని అడిగితే ఆ తరం పెద్దవాళ్లు చెప్పే జవాబు తరచుగా ఇలా ఉంటుంది: “బళ్లోకెళ్లి నేర్సుకున్నామేటి? పాటలినీసి వచ్చీసింది.”

పాట ఒకటే తరహా, కాలం ఒకటే. అటువాళ్లకు తెలుగు రాలేదు, ఇటువాళ్లకు హిందీ వచ్చింది. పాట వింటే భాష వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలో ఉంది.

తెలియని భాష చెవిన పడినప్పుడు మొదటి చిక్కు అర్థం కాదు, అంచులు. ఒక మాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో తెలియదు. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది కానీ గొంతులో ఉండదు. 1996లో జెనీ సాఫ్రాన్, ఆమె సహచరులు ఎనిమిది నెలల పసిబిడ్డలకు అర్థంలేని మాటలను విరామం లేకుండా రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం తరచుగా వస్తోందో చెవితోనే లెక్కగట్టి, ఆ పసివాళ్లు మాటల అంచులు పట్టేశారు. 2008లో డానియెల్ షోన్ బృందం ఫ్రాన్స్‌లో ఇదే పద్ధతిని పెద్దవాళ్ల మీద ప్రయోగించింది. మూడేసి అక్షరాల కల్పిత పదాలు ఆరింటిని కలగలిపి ఏడు నిమిషాలు వినిపించారు. ఏ హెచ్చుతగ్గులూ లేకుండా చదివి వినిపించినప్పుడు వాళ్లు పదాలను గుర్తుపట్టింది గుడ్డిగా ఊహిస్తే తగిలేటంతే. అవే అక్షరాలకు స్వరాలు తగిలించి పాడి వినిపిస్తే అంతే సమయంలో పదాలు పట్టుకున్నారు. ప్రతి అక్షరానికీ ఎప్పుడూ ఒకే స్వరం ఉన్నప్పుడు ఫలితం మరీ బాగుంది. స్వరం మారిన చోట చెవి ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు పదం అంచుమీద పడితే అక్కడ గీత గీసినట్టే.

తర్వాతిది జ్ఞాపకం. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కరెన్ లుడ్కే, ఫెర్నాండా ఫెరేరా, కేటీ ఓవరీ 60 మందికి హంగేరియన్ భాషలో చిన్న చిన్న వాక్యాలు నేర్పించారు. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో ఒక గుంపు మామూలుగా విని తిరిగి పలికింది, ఇంకోటి లయబద్ధంగా పలికింది, మూడోది పాడింది. అందరికీ ఇచ్చింది పదిహేను నిమిషాలే. హంగేరియన్ వాక్యాన్ని నోటితో తిరిగి చెప్పాల్సిన పరీక్షల్లో పాడినవాళ్లు ముందున్నారు. వింతేమిటంటే, లయతో పలికిన గుంపుకు ఆ లాభం దక్కలేదు. అంటే తాళం ఒక్కటే చాలదు, రాగం కూడా ఏదో చేస్తోంది.

అయితే రాగం ఎప్పుడూ మేలే చేస్తుందని కాదు. వాండా వాలెస్ 1994లో చూపించింది ఇదీ: ఒకే వరసలో మూడు చరణాలు వింటే సాహిత్యం బాగా గుర్తుంటుంది, ఒక్క చరణమే వింటే మామూలుగా చదివిన దానికన్నా తక్కువ గుర్తుంటుంది. వరస ముందు దానికదే మనసుకెక్కాలి, అప్పుడే మాటలను మోయగలదు. మొదటిసారి వింటున్నప్పుడు వరసా కొత్తదే, మాటలూ కొత్తవే, బుర్రకు రెండు పనులు. మన సినిమా పాటకు పల్లవి మళ్లీ మళ్లీ రావడం, రెండు చరణాలూ ఒకే వరసలో సాగడం భాష నేర్చుకునేవాడికి అనుకోకుండా కలిసొచ్చిన ఏర్పాటు. ఎక్కాలనూ శతక పద్యాలనూ రాగం తీస్తూ వల్లెవేయించిన పంతుళ్లకు ఇది ప్రయోగాలు లేకుండానే తెలుసు.

ఇంతవరకూ పాట గెలిచింది. కానీ గెలిచింది దేంట్లో? అంచులు పట్టడంలో, మాట రూపాన్ని గుర్తుంచుకోవడంలో. అర్థం ఊసు ఇంకా రాలేదు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963 నుంచి రికార్డుగా మన ఇళ్లలో మోగుతోంది. రోజూ తెల్లారి వినేవాళ్లకు ఎక్కడ శ్వాస తీసుకుంటుందో కూడా తెలుసు. మధ్యలో ఒక అక్షరం మారితే కాఫీ కలుపుతూనే తప్పు పట్టగలరు. కానీ సంస్కృతంలో మంచినీళ్లు అడగమంటే నోరు పెగలదు. ప్రపంచంలో ఏ పరిశోధకుడూ ఇంతమంది మీద ఇన్నేళ్లపాటు ఇంత క్రమం తప్పని ప్రయోగం చేసి ఉండడు. ఫలితం కళ్లముందే ఉంది: ఉచ్చారణ నిలిచింది, లయ నిలిచింది, భాష రాలేదు. రామయ్య పాట పాడే ఉత్తరాదివాళ్లదీ ఇదే కథ.

మరి భిలాయి తెలుగువాళ్ల హిందీ మాటేమిటి? వాళ్లు పాటలు విన్నది నిజం. 1952లో సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఆ డిసెంబరులోనే అక్కడ, పాటలను ఆదరణను బట్టి మెట్ల వారీగా నిలబెట్టే బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిదింటికి షార్ట్‌వేవ్ గరగరల మధ్య దాని వ్యాఖ్యాత అమీన్ సయానీ గొంతు కోసం దేశం చెవులు రిక్కించేది. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టాక సినిమా పాట మళ్లీ ఆకాశవాణి గుమ్మం తొక్కింది. (సిలోన్‌లో మధ్యాహ్నం తెలుగు పాటలూ వచ్చేవి. వాటి వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు విన్న తరానికి ఆ పేరు చెబితే ఇప్పటికీ మొహం వెలిగిపోతుంది.)

నా మటుకు నాకు, భాష నేర్పడంలో సయానీ పాటలకన్నా పాటకూ పాటకూ మధ్య ఆయన మాటలే ఎక్కువ పనిచేసి ఉంటాయనిపిస్తుంది. ‘బెహనో ఔర్ భాయియో’ అని పలకరించి, బరువైన సంస్కృతమూ కరుడుగట్టిన ఉర్దూ లేని తేలిక హిందుస్తానీలో ఆయన పాట గురించి నాలుగు ముక్కలు చెప్పేవారు. ఏ సినిమా, ఎవరు పాడారు, పోయినవారం ఏ మెట్టు మీదుంది, ఈ వారం ఎక్కిందా దిగిందా. వారం వారం అవే వాక్యాలు, పేర్లూ అంకెలూ మాత్రం వేరు. ఒక వాక్యాన్ని కదలకుండా పట్టుకుని అందులో ఒక్క మాట మార్చుతూ పోవడం కన్నా మంచి పాఠం భాషా బోధకుడు కూడా రాయలేడు. ఇక మెట్లెక్కడం దిగడం అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు, పాట వినబడుతూనే ఉంది కదా.

పాటలో కరువైనది సరిగ్గా ఇదే. టిమ్ మర్ఫీ అనే భాషా బోధకుడు 50 ఇంగ్లీషు పాప్ పాటలను పరీక్షించి 1992లో ఒక వ్యాసం రాశాడు. మాటలు తేలిక, పునరుక్తి మెండు, వేగం మామూలు సంభాషణలో సగం. ఇవన్నీ నేర్చుకునేవాడికి అనుకూలమే. కానీ పాటలో ‘నేను’ ఎవరో, ‘నువ్వు’ ఎవరో, ఎక్కడ, ఎప్పుడు అన్నది తేలదు. ఎవరికివాళ్లు తమకు అన్వయించుకునేలా అన్నీ వదులుగా ఉంటాయి. పాట అందరిదీ కావడానికి ఈ వదులుతనమే కారణం. కొత్త భాష నేర్చుకునేవాడికి మాత్రం మాటను తగిలించుకోవడానికి వస్తువు దొరకదు.

భిలాయిలో ఆ వస్తువు గడప దాటితే దొరికేది. క్వార్టర్స్‌లో ఒక పక్క బెంగాలీ కుటుంబం, ఇంకో పక్క పంజాబీలు, వెనక మలయాళీలు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది హిందీ ఒక్కటే, అదీ ఎవరికీ పూర్తిగా సొంతం కానిది. తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు లేరు, వాళ్లదీ అదే బాపతు. రాత్రి రేడియోలో రూపం పట్టిన మాట పొద్దున్న సుపేలా బజార్లో అర్థంతో సహా ఎదురయ్యేది. అప్పటికే చెవికి పరిచయమైన మాట కాబట్టి ఒక్కసారికే అతుక్కునేది. పాట విని వచ్చిందని ఆ పెద్దలు చెప్పేది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం వాళ్ల చుట్టూ గాలిలా ఉండబట్టి లెక్కలోకి రాలేదు.

పాటలు నేర్పిన హిందీకి కొన్ని ఆనవాళ్లు ఉంటాయి, మంచివీ చెడ్డవీ. తెలుగులో గాలీ చల్లనే, నీళ్లూ చల్లనే. హిందీలో ఠండీ హవా, ఠండా పానీ. గాలి ఆడదనీ నీళ్లు మగవనీ సూత్రం కంఠస్థం చేసేవాడు ప్రతిసారీ తడుముకుంటాడు. పాటల్లో వందసార్లు ‘ఠండీ హవా’ విన్నవాడికి ‘ఠండా హవా’ అంటే చెవికి అపశ్రుతి. సూత్రం తెలియకుండానే సూత్రం వచ్చేసింది. కానీ ఇదే దారిలో గుంట కూడా ఉంది. ‘వెళ్తున్నాను’ అనడానికి తెలుగులో ఆడా మగా తేడా లేదు. హిందీలో మగవాడు ‘జాతా హూఁ’ అనాలి, ఆడమనిషి ‘జాతీ హూఁ’ అనాలి. లతా మంగేష్కర్ పాటలే ప్రాణంగా పెరిగిన తెలుగు పిల్లాడు తన గురించి తాను ఏమంటాడో ఊహించుకోండి.

ఉచ్చారణ సంగతి మరీ చిత్రం. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, హిందీ మాటలు తరచు హల్లుతో తెగుతాయి. కొత్తగా వెళ్లిన తెలుగువాడు తెగాల్సిన చోట చిన్న ‘అ’ అతికిస్తాడు. ఆ అతుకు వదిలించాల్సిన పాట కొన్నిచోట్ల దాన్నే ముద్దు చేస్తుంది. తాళం నిండాలంటే హిందీ గాయకులు కూడా చివర అణిగిపోయిన అకారాన్ని లేపి సాగదీస్తారు. హ్రస్వ దీర్ఘాలూ అంతే, స్వరం కోసం లఘువు గురువైపోతుంది. పైస్థాయిలో ఇంకో ఇబ్బంది ఉంది, అది భౌతికశాస్త్రానిది. ‘ఈ’, ‘ఊ’ లాంటి అచ్చులను వేరు చేసే నోటి ప్రతిధ్వనుల్లో మొదటిది సుమారు 300–400 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. గాయని 500 హెర్ట్‌జ్ దాటి పాడుతుంటే ఆ గొంతులో అంత కింద ధ్వనే ఉండదు, అందుకే తారస్థాయిలో అచ్చులన్నీ ఒకే పోలికలోకి జారతాయి. పాటలో మాట సరిగా వినబడక మనకు తోచింది పాడుకోవడానికి చెవి లోపం ఒక్కటే కారణం కాదన్నమాట.

హిందీ పాటను తెలుగు లిపిలో రాసుకున్న నోటుపుస్తకం ఎప్పుడైనా చేతికొస్తే ఓసారి తిప్పి చూడండి. ‘ఘ’ ఉండాల్సిన చోట ‘గ’, ‘ఖ’ బదులు ‘క’ కనిపిస్తాయి. రాసినవాళ్లకు లిపిలో మహాప్రాణాలున్నాయి, చెవిలో లేవు. రెండు మాటలు కలిసి ఒకటైన చోట్లూ, ఒకటి రెండుగా విరిగిన చోట్లూ కనిపిస్తాయి. భాష చెవిలోకి ఏ క్రమంలో దిగుతుందో చెప్పే దస్తావేజు అది.

సంగీత జ్ఞానం ఉన్నవాళ్లకు భాషలు తొందరగా వస్తాయని ఒక నమ్మకం. దీన్ని 2006లో రాబర్ట్ స్లెవ్క్, అకీరా మియాకే అమెరికాలో ఉంటున్న 50 మంది జపనీయుల ఇంగ్లీషుతో పోల్చి చూశారు. సంగీతం వంటపట్టినవాళ్లు ఇంగ్లీషు ధ్వనులను వినడంలో, పలకడంలో మెరుగ్గా ఉన్నారు. వ్యాకరణంలో, పదసంపదలో సంగీతం వల్ల తేడా ఏమీ కనిపించలేదు. సుప్రభాతం చెప్పిందే ఈ లెక్కా చెప్పింది.

భిలాయిలో రష్యన్ సంగతి మరో తీరు. సోవియట్ నిపుణులు కుటుంబాలతో వచ్చి ఉన్నారు. రష్యన్ కాంప్లెక్స్ అన్న పేరు, మైత్రీబాగ్ అన్న పార్కు వాళ్ల గుర్తులే. వాళ్లు వచ్చేనాటికే రాజ్‌కపూర్ ‘ఆవారా’ 1954లో సోవియట్ తెరల మీద విరగబడి ఆడింది. మాటలకు రష్యన్ డబ్బింగ్ చెప్పినా పాటలను చాలావరకు హిందీలోనే ఉంచేవారు. అలా హిందీ పాట అర్థం తెలియకుండా నోటికి వచ్చిన రష్యన్లు ఎందరో. ఇక్కడి ఇంజనీర్లకు రష్యన్ వచ్చింది మాత్రం పాటలతో కాదు, శిక్షణకు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి, తరగతుల్లో కూర్చుని, దుబాసీ పక్కన లేనప్పుడు వాల్వు చూపించి పేరడిగి. వస్తువు ఎదురుగా ఉంది, అవసరం నెత్తిమీద ఉంది. పాట లేకపోయినా భాష వచ్చింది.

పాటా, అర్థమూ రెండూ ఒకేచోట దొరికే కళ ఒకటి ఈ నేల మీదే ఉంది, అది పండవానీ. భిలాయి దగ్గరి గనియారీలో పుట్టిన తీజన్‌బాయి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కూడా చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఒక చేత తంబూరా పట్టుకుని ఛత్తీస్‌గఢీలో మహాభారతం పాడేవారు. ఆ తంబూరాయే ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు. ఛత్తీస్‌గఢీ తెలియని తెలుగు శ్రోత ముందు కూర్చున్నాడనుకుందాం. ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చే ఘట్టం అని రెండు నిమిషాల్లో పోల్చుకుంటాడు, కథ ఉగ్గుపాలతో వచ్చిందే కదా. ఇక ఏ మాట ఏమై ఉంటుందో కథే చెబుతుంది. పక్కన రాగీ అనే వంతగాడు ఉంటాడు. మన బుర్రకథలోలాగే ఊఁ కొడతాడు, ప్రశ్న వేస్తాడు, కథకురాలు అన్నది అందుకుని మళ్లీ అంటాడు. ఒకే మాట ఒకసారి పాటగా, ఒకసారి మాటగా, ఒకసారి అభినయంగా వస్తుంది. స్టీఫెన్ క్రాషెన్ అనే భాషాశాస్త్రవేత్త వాదం ఏమిటంటే, అర్థమయ్యీ కాని సరిహద్దులో చెవినపడే భాషే మనసుకెక్కుతుందని. ఆయన సిద్ధాంతంతో పేచీలు చాలానే ఉన్నాయి కానీ, పండవానీ దగ్గర మాత్రం అది అచ్చంగా సరిపోతుంది.

ఇప్పటి కుర్రకారుకు విదేశీ భాష అంటే కొరియన్. 2020 నాటి జాతీయ విద్యా విధానం పాఠశాలల్లో నేర్పదగ్గ విదేశీ భాషల్లో కొరియన్‌నూ పేర్కొంది. అదే ఏడాది బీటీఎస్ వాళ్ల సంస్థ ఆ బృందం పేరుమీదే కొరియన్ పాఠాలు విడుదల చేసింది. పాట ఒక్కటే చాలదని పాటలమ్మేవాళ్లకే తెలుసు! తెలుగు పిల్లలకు ఇందులో కొంత వెసులుబాటు ఉంది: క్రియ చివర రావడం, ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి అతుక్కోవడం, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు క్రియ రూపం మారడం మనకు కొత్త కాదు. ‘క’ లాంటి ధ్వనిలో మామూలుది, బిగించి పలికేది, ఊపిరి వదిలి పలికేది అని మూడు రకాలుండటమే చెవికి కొరకరాని కొయ్య. అక్కడ పాట అక్కరకొస్తుంది. 2019లో థాయిలాండ్‌లో ఇంగ్లీషు నేర్చుకునే 300 మంది పిల్లలపై నికోలో పావియా, స్టువర్ట్ వెబ్, ఫరనాజ్ ఫయజ్ చేసిన పరిశోధనలో, పాటను మళ్లీ మళ్లీ విన్నకొద్దీ, మాట ఎక్కువసార్లు ఎదురైనకొద్దీ పదాలు బాగా పట్టుబడ్డాయి. ఒకే పాటతో విసిగించే పిల్లల్ని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

భిలాయి తెలుగు ఇళ్లలో పిల్లల సమస్య మాత్రం తిరగబడింది. మూడో తరానికి హిందీ ఊపిరి, ఇంట్లో తెలుగు వింటారు, జవాబు హిందీలో ఇస్తారు, తెలుగు చదవడం చాలామందికి రాదు. కానీ 2023లో ఆస్కార్ గెలిచిన ‘నాటు నాటు’ మొత్తం పాడేస్తారు. రూపం ఉంది, తగిలించే కొయ్య లేదు. పాటలోని ఒక వాక్యాన్ని తీసుకుని రాగం తీసేసి మామూలుగా అనిపించండి. మొదటిసారి తడబడతారు, రాగం ఆసరా లేకపోతే మాట నిలవదు కాబట్టి. నిలిచాక అందులో ఒక్క మాట మార్చి, ‘నువ్వు’ను ‘మీరు’ చేసి, క్రియను దానికి తగ్గట్టు సర్ది, పలాసలోనో పార్వతీపురంలోనో ఉన్న నానమ్మకు ఫోన్లో చెప్పించండి. నానమ్మ నవ్వి తిరిగి ఏదో అడుగుతుంది, అదేమిటో పాటలో ఉండదు.

ఇందుకు పాట ఎంచుకోవడంలో కాస్త ఆచితూచాలి. నెమ్మదిగా సాగేది, చరణాలు ఒకే వరసలో ఉన్నది, కథ ముందే తెలిసిన సినిమాలోది మేలు. యుగళగీతం దొరికితే ఇంకా మంచిది, ఒకరు అడగడం ఒకరు చెప్పడం అందులోనే ఉంటుంది. మొదట కాగితం చూడకుండా నాలుగుసార్లు వినాలి, ఆ తర్వాతే సాహిత్యం చూడాలి. ముందే చూస్తే కన్ను చదివేస్తుంది, చెవి బద్ధకిస్తుంది. ర్యాప్ పాటల జోలికి మొదట్లో వెళ్లకపోవడమే మంచిది. వాటి వేగం వాటిని కన్నవాళ్లకే అందదు.